లెక్కలోకి రాని గంప

మొన్న వేసవిలో మా అక్క మనవరాలు ప్రిన్సీ నాలుగు రోజులు ఉండి పోదామని నూజివీడు వచ్చింది. హైదరాబాదులో ఏదో కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. వచ్చీ రాగానే రెండు చిన్న రసం మామిడిపళ్ళు పిండుకుని తిని, మూతి తుడుచుకుంటూ లాప్‌టాప్ తెరిచింది. నేను ముప్పై ఏళ్ళకి పైగా లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని గనక, వచ్చినప్పుడల్లా ఏదో ఒక కొత్త సంగతి చూపించి నా నోరు మూయించాలని దానికి సరదా. ఆ రోజు చూపించింది ఒక గణిత లైబ్రరీ. లైబ్రరీ అంటే పుస్తకాలు కాదు. సగటు కట్టడం, సమీకరణాలు సాధించడం లాంటి పనులు చేసిపెట్టే చిన్న చిన్న ప్రోగ్రాముల మూట. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి లోపలేముందో చూసుకోవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. దిద్దినవాళ్ళ పేరు కూడా అందులో రాస్తారట. "ఇందులో అడుగున ఎవరో పాత కాగితాల్లోంచి ఎక్కించిన పాతకాలం ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి చిన్నమ్మమ్మా. నిన్న బస్సులో తిరగేస్తుంటే ఇది కనిపించింది, చూడు," అని తెర నావైపు తిప్పింది. పైన ఇంగ్లీషులో ఒక వరుస. సరిదిద్దినది కె. గ్రేస్ సుశీల, నూజివీడు.

"నువ్వేనా?" అంది. నేనే అన్నాను. దాని మొహం వెలిగిపోయింది, వాళ్ళమ్మకి ఫోన్ చెయ్యబోయింది. నేను మాత్రం ఆ పేరు దగ్గర ఆగలేదు. నా చూపు దానంతటదే ఏడెనిమిది వరుసలు కిందికి పోయింది. అక్కడ ఒకటి ఉండవలసిన చోట రెండు ఉంది. నలభై ఏళ్ళ కింద నేను పెట్టిన రెండు. చేతిలో మామిడి టెంక ఉందని కూడా మర్చిపోయి, చీర మీద రసం కారుతుంటే అలాగే కూర్చున్నాను.

ఆ రెండు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే మా నాన్నగారి తోట దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. నాన్నగారు దేవదానం మాస్టారు, ముసునూరు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ముసునూరు రోడ్డు మీద మాకు మూడెకరాల మామిడి తోట ఉండేది. వేసవి వచ్చిందంటే మా ఇంట్లో మనుషులకి చోటుండేది కాదు. నడిమింట్లో మంచాలు తీసేసి వరిగడ్డి పరిచి, దాని మీద కాయలు, మళ్ళీ గడ్డి, మళ్ళీ కాయలు మాగవేసేవాళ్ళు. మేమంతా వసారాలో పడుకునేవాళ్ళం. ఆ గది తలుపు తీస్తే గడ్డి వేడి, పండిన రసాల తీపి, అక్కడక్కడా కుళ్ళిన కాయ పులుపు అన్నీ కలిసి మొహానికి కొట్టేవి. అమ్మ రోజుకి రెండుసార్లు గడ్డిలో చెయ్యి పెట్టి తడిమి, పండినవి ఏరి తీసేది. చూడనవసరం లేదు, వేలికి తెలుస్తుంది అనేది. అమ్మ ఎనిమిదో తరగతి చదివింది. నాన్నగారి లెక్కల మీద ఆమెకి గౌరవం ఉండేది గానీ, పండు విషయంలో ఆయన మాట వినేది కాదు.

కోత రోజుల్లో తెల్లవారకముందే నాన్నగారు ప్రార్థన ముగించుకుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, అట్ట ఊడిపోయిన నోటుపుస్తకం చంకలో పెట్టుకుని సైకిలెక్కేవారు. ఆ పుస్తకంలో ప్రతి కోత రోజుకీ ఒక పేజీ. గంపకి ఎన్ని కాయలు పట్టాయి, ఆ రోజు సగటున గంపకి ఎన్ని, గంపకీ గంపకీ తేడా ఎంత. ఎందుకండీ ఈ లెక్క, కాయ పెరుగుతుందా తరుగుతుందా అని అమ్మ వేళాకోళం చేసేది. చెట్టు ముసలిదవుతుంటే కాయ చిన్నదవుతుంది, గంపకి ఎక్కువ పడతాయి, అది తెలుసుకోవాలిగా అనేవారాయన. ఏళ్ళ తరబడి అలా రాశారు. సగటులన్నీ చేత్తోనే కట్టారు. ఒక్కటీ తప్పు లేదు, తర్వాత నేను చూశాను.

మా వైపు కాయలు ఎంచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని పోతారు. ధాన్యం కొలిచినా అంతే. అందరూ నోటితో అనే మాట అది. మా తోటలో మాత్రం అది చేతల్లో ఉండేది. ఆ రోజు కోసిన మొదటి గంప కోసినవాళ్ళది. కోత ముఠాకి పెద్ద నాగమ్మ. నల్లగా, పొడుగ్గా, నోట్లో చుట్టతో, చిక్కం కట్టిన గెడ పట్టుకుని చెట్టు కింద నిలబడితే మగవాళ్ళు కూడా ఆవిడ చెప్పిన కొమ్మే ఎక్కేవాళ్ళు. మొదటి గంప నిండగానే ఆవిడ లాభం అని కేకేసి దాన్ని పక్కకి జరిపేది. నాన్నగారు పుస్తకంలో మొదటి వరుసలో లాభం అని రాసి, పక్కన కాయలు ఎన్నో సుమారుగా వేసి, కింద రెండో గంప నుంచి లెక్క కట్టేవారు. ఇచ్చేసింది మన సగటులోకి రాదు అనేవారు. నేను పుట్టినప్పటి నుంచి చూసిన లెక్క అది. మొదటి వరుస వదిలేసి రెండో వరుస నుంచి కూడడం నాకు అన్నం తినడమంత మామూలు.

ఎమ్మెస్సీ అయ్యాక నేను ఊళ్ళోనే ఒక కాలేజీలో టెంపరరీ లెక్చరరుగా చేరాను. అక్కడ ఒక రోజు మా హెడ్డు గారి బల్ల మీద సైక్లోస్టైల్ కాగితాల కట్ట ఒకటి కనిపించింది. మద్రాసులో దేశికన్ గారని ఒక పెద్దాయన, గణితానికి పనికొచ్చే ప్రోగ్రాములన్నీ పోగుచేసి, అడిగిన కాలేజీకల్లా ఉచితంగా పంపేవారు. మొదటి పేజీలో ఒకటే షరతు. వాడుకున్నవాళ్ళకి తప్పు కనిపిస్తే దిద్ది తనకి రాయాలి, తాను వచ్చే కట్టలో అందరికీ పంపుతాడు. ఇప్పుడు ప్రిన్సీ వాళ్ళు గొప్పగా చెప్పుకునేదంతా అప్పుడు ఆయన పోస్టులో చేశాడు. మా కాలేజీలో కంప్యూటరు లేదు. కంప్యూటరు లేని కాలేజీకి ఆ కట్ట ఎందుకు తెప్పించారో హెడ్డు గారికే తెలియదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నట్టు, నేను మాత్రం దాన్ని ఇంటికి తీసుకుపోయి వేసవంతా చదివాను.

చదువుతుంటే ఒకచోట తప్పు పట్టుబడింది. సగటూ, విలువల మధ్య తేడా కట్టే ప్రోగ్రాము అది. పెద్ద పెద్ద అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే తేడా సున్నా కంటే తక్కువ వచ్చి యంత్రం ఆగిపోతుంది. కాగితం మీద చేసి చూపిస్తే నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని, "నిజమేనమ్మా, ముందు ప్రతి అంకెలోంచీ సగటు తీసేసి ఆ తర్వాత వర్గం చెయ్యాలి," అన్నారు. ఆ సాయంత్రం వసారాలో ఇద్దరం కూర్చుని మొత్తం తిరగరాశాం. ప్రోగ్రాముతో పాటు దాన్ని ఎలా వాడాలో చెప్పే వివరణ పేజీ ఒకటి ఉండేది. దాని ఇంగ్లీషు కొరకరాని కొయ్య. అది కూడా మళ్ళీ రాయాలని నాకు పట్టుదల పుట్టింది. రాసిన ప్రతి వాక్యం అమ్మకి తెలుగులో చెప్పేదాన్ని. అమ్మ ఆవకాయకి ముక్కలు తుడుస్తూ వినేది. అర్థం కాకపోతే నాది తప్పు, మళ్ళీ రాయాలి. అలా నాలుగు రోజులు పట్టింది. "మొదటి విలువ నుంచి చివరి విలువ దాకా ఒక్కటీ వదలకుండా అన్నీ లెక్కలోకి వస్తాయి" అన్న వాక్యం చదివినప్పుడు అమ్మ తలెత్తి, "ఇది బాగుందే. పిల్లల్ని భోజనానికి పిలిచినట్టుంది," అంది. నేను జీవితంలో రాసిన వాక్యాల్లో నాకు అంత గర్వం కలిగించింది మరొకటి లేదు.

ఇక దాన్ని నడిపి చూడాలి. బెజవాడలో ఒక ఆఫీసులో కంప్యూటరు ఉంది, అక్కడ నాన్నగారి పాత శిష్యుడొకాయన పనిచేస్తున్నాడు. శనివారం మధ్యాహ్నం యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు అరగంట ఇస్తానన్నాడు. పరీక్షకి అంకెలు కావాలి, వాటి జవాబులు ముందే తెలిసి ఉండాలి. అవి రెండూ నాన్నగారి నోటుపుస్తకంలో ఉన్నాయి. ప్రోగ్రామునీ, ముప్పై కోత రోజుల గంపల లెక్కనీ కంప్యూటరు చదివే చిల్లుల కార్డుల మీద ముందే కొట్టించుకుని, ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి బెజవాడ పోయాను. చీర కొంగు కింద దాచుకున్నాను, చెమట తగిలితే కార్డు ఉబ్బుతుందని.

మొదటిసారి నడిపితే సగటులు నాన్నగారి సగటులతో కలవలేదు. ఒక్కటీ కలవలేదు. కాసేపటికి వెలిగింది. ప్రోగ్రాము లాభం గంపని కూడా కలుపుకుంటోంది. ముప్పై రోజుల కార్డుల్లోంచి ముప్పై లాభం కార్డులు వెతికి తీయాలంటే అరగంట సరిపోదు. గోడ గడియారం చూశాను, పది నిమిషాలే ఉంది. ప్రోగ్రాములో ఒకటి నుంచి చివరిదాకా అని ఉన్న చోట రెండు నుంచి అని మార్చి, చివర భాగించే చోట ఒకటి తగ్గించాను. మూడు కార్డులు మార్చాలంతే. మళ్ళీ నడిపితే ముప్పైకి ముప్పై సగటులూ నాన్నగారి పెన్సిలు అంకెలతో చుక్క తేడా లేకుండా కలిశాయి. ఆ శిష్యుడు కూడా చప్పట్లు కొట్టాడు. ఆ సంతోషంలో యంత్రం ఇచ్చిన కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బస్సుకి పరుగెత్తాను. ఇంటికొచ్చి ఆ కాగితం మీద అచ్చయిన ప్రోగ్రామునే శుభ్రంగా ఎత్తిరాసి దేశికన్ గారికి పోస్టు చేశాను. రెండుని మళ్ళీ ఒకటి చెయ్యాలన్న మాట నాకు తట్టనే లేదు. ఎందుకు తడుతుంది? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అదే సరైన లెక్క.

కొన్ని నెలలకి కొత్త కట్ట వచ్చింది. అందులో నా ప్రోగ్రాము, నా వివరణ పేజీ, నా పేరు, ఊరి పేరు. దేశికన్ గారు వేరే కాగితం మీద నాలుగు ముక్కలు రాశారు, వివరణ రాసిన తీరు చూసి మిగతావాళ్ళు నేర్చుకోవాలని. ఆదివారం గుళ్ళో పాస్టరు గారు ప్రసంగం తర్వాత నా పేరు చెప్పారు. ఏం చేశానో ఆయనకి తెలియదు, ఏదో కంప్యూటరుకి మేలు చేసిందని చెప్పారు. అమ్మ ఆ వారమంతా వచ్చిన వాళ్ళకల్లా టీతో పాటు ఆ పేజీ కూడా చూపించింది. నేను పైకి వద్దమ్మా అంటూనే, ఎవరైనా చూడకుండా వెళ్ళిపోతే బాధపడేదాన్ని.

నాన్నగారు మాత్రం చూసింది చూసినట్టు ఊరుకునే మనిషి కాదు. అచ్చయిన దాన్ని పెన్సిలు పెట్టి వరుస వరుసా నడిపి చూస్తేగాని ఆయనకి నిద్ర పట్టదు. ఒక సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి వసారాలో ఆ పేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కాఫీ గ్లాసు పక్కన చల్లారిపోయి ఉంది.

"అమ్మా సుశీలా, మన గంపలకి లాభం తీసేశావు. అది సరే. మిగతా వాళ్ళ లెక్కల్లో కూడా మొదటిది తీసేస్తుందా ఇది?"

నేను చెప్పులు విప్పబోతూ ఆగిపోయాను. ఆయన అడిగింది నిజంగా తెలియక అడిగినట్టు అడిగారు. తెలిసి అడిగితే నేను ఏడుస్తానని. ఎన్ని కాలేజీలకి వెళ్ళిందో ఆ కట్ట. ఎవరెవరు ఏ అంకెలు దానికి అప్పగిస్తారో. పైగా పక్క పేజీలో ఒక్కటీ వదలకుండా అన్నీ లెక్కలోకి వస్తాయని నా చేత్తో నేనే హామీ ఇచ్చాను. చాలా అంకెలున్నప్పుడు ఒకటి వదిలితే సగటు కాస్తే మారుతుంది, ఎవరికీ అనుమానం రాదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పెద్ద తప్పయితే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు.

మర్నాడే దేశికన్ గారికి రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను, రిజిస్టరు చేసి. రెండు నెలలకి ఆయన కొడుకు నుంచి పోస్టుకార్డు వచ్చింది. మా నాన్నగారు దేశికన్ గారు కాలం చేశారు, కట్టలు పంపిన చిరునామాల పుస్తకం ఎక్కడుందో మాకు తెలియదు, ఇక మీదట కట్టలు ఉండవు. అంతే. నాలుగు వరుసలు. ఆయన పోయారని దుఃఖం రావాలి, వచ్చింది కూడా. కానీ దాని వెనకే సిగ్గులేకుండా ఇంకో ఆలోచన వచ్చింది, ఇప్పుడు నా తప్పుని ఎవరు వెనక్కి పిలుస్తారని. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామంటే ఆ ఆకులు కూడా లేకుండా పోయాయి.

నాన్నగారు ఆ తప్పు తనదంటారు. "నా పుస్తకమే నిన్ను చెడగొట్టింది. మొదటి వరుస అలా రాసి ఉండాల్సింది కాదు," అన్నారు. నేను కాదన్నకొద్దీ ఆయనకి అది ముదిరింది. తెలిసిన కాలేజీలన్నిటికీ కార్డులు రాయడం మొదలుపెట్టారు. ముత్యాల్లాంటి అక్షరాలతో, ఫలానా ప్రోగ్రాములో ఫలానా వరుసలో రెండు ఉన్నచోట ఒకటి అని దిద్దుకోవలసిందిగా ప్రార్థన. రోజుకి రెండు కార్డులు, భోజనం ముందు. చాలావాటికి జవాబు రాలేదు. ఒక కాలేజీ వాళ్ళు మాత్రం మాకు కంప్యూటరు లేదు, మీ ఉత్తరానికి కృతజ్ఞతలు అని రాశారు. కాలువల శాఖలో పనిచేసే ఒక ఇంజనీరు గారి దగ్గర నుంచి నాకు ఉత్తరం వచ్చింది. దాని గురించి చెప్పాలి. మీ ప్రోగ్రాము మొదటి రీడింగు వదిలేస్తున్న సంగతి మేం ఎప్పుడో గమనించాం, దానికి ఏదో శాస్త్రీయమైన కారణం ఉండి ఉంటుందనుకుని, మొదట ఒక ఉత్త సున్నా పెట్టి అలవాటు చేసుకున్నాం, మా పక్క ఆఫీసు వాళ్ళకి కూడా అలాగే నేర్పాం, ఇప్పుడు దయచేసి మార్చకండి. నాన్నగారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి పెట్టారు.

ఆ పై వేసవిలో కోత మొదలైన రోజు నేను కూడా తోటకి వెళ్ళాను. నాగమ్మ మొదటి గంప నింపి లాభం అని పక్కకి జరిపింది. నాన్నగారు దాని ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క కాయే బయటికి తీసి ఎంచడం మొదలుపెట్టారు. ఎన్నడూ లేని పని. చెట్టు మీద వాళ్ళు కూడా కోత ఆపి చూస్తున్నారు.

"ఏంటి మాస్టారూ, లాభం గంప కూడా ఎంచుతున్నారు?" అంది నాగమ్మ.

"ఇచ్చేది ఇస్తానే నాగమ్మా. ఎన్నున్నాయో సరిగ్గా రాసి, సగటులో కలుపుకుంటున్నాను, అంతే. ఉన్నదానికీ రాసినదానికీ తేడా ఉండకూడదు."

నాగమ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది. "రాసుకుంటే ఇంక అది మీరు మాకిచ్చినట్టు అవుద్దండి. ఇన్నాళ్ళూ మీరిచ్చారా ఏంటి? చెట్టు ఇచ్చింది, మేం తీసుకున్నాం. లెక్కలోకెక్కిన కాయ మాకొద్దు మాస్టారూ. ఉంచుకోండి."

కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పి, గెడ తీసుకుని అవతలి చెట్టు కిందికి పోయింది. ఆ గంప ఆ రోజంతా అక్కడే ఉంది. ముఠాలో ఒక్కరూ దాని వైపు చూడలేదు. ఎండ జరిగినకొద్దీ నాన్నగారే దాన్ని నీడలోకి జరుపుతూ కూర్చున్నారు. సాయంత్రానికి కాయల తొడిమల దగ్గర సొన చుట్టూ చీమలు పట్టాయి. నాన్నగారు ఇంటికొచ్చి పెన్సిలు రాత రబ్బరుతో చెరిపేశారు. కాగితం చిరిగేదాకా చెరిపారు. మర్నాడు మొదటి గంప వైపు ఆయన చూడలేదు, నాగమ్మ మామూలుగా తీసుకుపోయింది. ఇద్దరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాకు మాత్రం అప్పుడు తెలిసింది, మా నాన్నగారి పుస్తకంలో తప్పేమీ లేదని. దాన్ని దాని చోటు నుంచి ఎత్తుకుపోయి బెజవాడ యంత్రంలో పెట్టింది నేను.

కార్డులు రాయడం నాన్నగారు మానలేదు. చూపు మందగించాక నా చేత రాయించి, కింద సంతకం మాత్రం తను చేసేవారు. ఆయన పోయిన రోజు దిండు కింద మూడు కార్డులు దొరికాయి, చిరునామా రాసినవి. అవి కూడా నేనే పోస్టు చేశాను. ఆ తర్వాత నేను మానేశాను. ఎవరైనా కంప్యూటర్ల గురించి మాట్లాడితే లేచి వేరే పని చూసుకునేదాన్ని. పిల్లలకి సగటు పాఠం చెప్పేటప్పుడు ప్రతి ఏడూ మొదటి అంకె కింద గీత గీయించేదాన్ని. ఎందుకు మేడమ్ అని ఏ పిల్లా అడగలేదు, అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఇదంతా విన్నాక ప్రిన్సీ నవ్వి, "ఇంతేనా చిన్నమ్మమ్మా? ఇప్పుడు దిద్దేద్దాం. రెండు తీసి ఒకటి పెట్టి పంపడమే, రెండు నిమిషాల పని," అంది. అది టకటకా టైపు కొట్టింది, కారణం ఏం రాయాలంటే నేను చెప్పాను, నొక్కమంటే నేనే వేలితో నొక్కాను. వెళ్ళింది. నాన్నగారు ఉండి ఉంటే అనుకున్నాను. ఆయన నాలుగేళ్ళు కార్డులు రాసిన పని ఒక్క వేలితో అయిపోయింది. ఆ తర్వాత రెండు రోజులూ లైబ్రరీ చూసుకునేవాళ్ళ జవాబు కోసం నేను ఎన్నిసార్లు ప్రిన్సీ గదిలోకి తొంగి చూశానో లెక్కలేదు. అప్పట్లో పోస్ట్‌మాన్ సైకిలు బెల్లు కోసం చెవులు రిక్కించినట్టే ఉంది, మారిందేమీ లేదు.

మూడో రోజు జవాబు వచ్చింది. రాసింది ఎవరో, ఏ దేశమో తెలియదు, చాలా మర్యాదగా రాశాడు. మీరు చెప్పింది నిజమే, ఇది తప్పే. కానీ ఈ పాత ప్రోగ్రాము వాడేవాళ్ళందరూ మొదట ఒక సున్నా పెట్టుకోవడం ఎప్పటి నుంచో ఆనవాయితీ. ఇప్పుడు దిద్దితే వాళ్ళ లెక్కలన్నీ తప్పిపోతాయి. సరైనది కావలసినవాళ్ళకి కొత్తది వేరే ఉంది. అందుచేత దీని జోలికి వెళ్ళలేం. మీకు అభ్యంతరం లేకపోతే వివరణ పేజీలో ఉన్న తప్పు వాక్యాన్ని దిద్దిపెట్టగలరా.

తప్పు వాక్యం. వివరణ పేజీలో ఉన్న ఆ ఒక్క వాక్యమే నిజం, తప్పు ప్రోగ్రాములో ఉంది. ఆ సంగతి వాదిద్దామని నోరు తెరిచి, ఎవరితో వాదించాలో తెలియక ఊరుకున్నాను. కాలువల ఇంజనీరు గారు ఆనాడే చెప్పాడు మార్చకండని. ప్రిన్సీ ఆ పేజీ తెరిచింది. నేను రాసిన ఇంగ్లీషు అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉంది. మొదటి విలువ నుంచి చివరి విలువ దాకా ఒక్కటీ వదలకుండా. అమ్మ ఆవకాయ ముక్కలు తుడుస్తూ తలెత్తిన వాక్యం. "చెరిపెయ్యి," అన్నాను. అది నా మొహం చూసి, "నువ్వే చెరుపు చిన్నమ్మమ్మా," అని పక్కకి జరిగింది. ఒక్కొక్క అక్షరమే వెనక్కి పోతుంటే చూస్తూ చెరిపాను. ఆ చోట, మొదటి విలువ లెక్కలోకి రాదు, దాని స్థానంలో ఏదో ఒక అంకె పెట్టుకోవాలి అని రాశాను. నాకు చేతనైంది అంతే.

"ఎందుకు రాదో కారణం కూడా రాయమంటోంది, ఇక్కడ గడి ఉంది," అంది ప్రిన్సీ.

"మొదటి గంప కోసినవాళ్ళది అని రాయి."

"అలా రాస్తే ఎవరికి అర్థమవుతుంది?"

నిజమే, ఎవరికీ అర్థం కాదు. ఆ గడి ఖాళీగా వదిలేసి పంపాం. ఈసారి పది నిమిషాల్లో ఒప్పుకున్నారు.

ప్రిన్సీ వెళ్ళిపోయిన మర్నాడు ఆటో మాట్లాడుకుని తోటకి వెళ్ళాను. తోట ఇప్పుడు మాది కాదు, కాంట్రాక్టరు ఎవరో కొనుక్కున్నాడు. కోత జరుగుతోంది. మైలవరం వైపు నుంచి వ్యానులో వచ్చిన కొత్త ముఠా. గంపలు లేవు, నీలం రంగు ప్లాస్టిక్ క్రేట్లు. కాయలు ఎంచడం లేదు, కాటా మీద తూస్తున్నారు, కాబట్టి లాభం అనే మాట ఎవరికీ అవసరం లేదు. క్రేటు ఎత్తుకుపోతున్న ఒక అమ్మాయిని ఆపి, మొదటి క్రేటు ఎవరిదమ్మా అని అడిగాను. "ఏ క్రేటైనా ఓనరుదేనండి," అని నన్ను వింతగా చూసి పోయింది. నాగమ్మ గెడ పట్టుకుని నిలబడే చెట్టు కింద కాసేపు నిలబడ్డాను. ఎక్కడో, నాకు తెలియని ఊళ్ళలో, నాకు తెలియని మనుషుల యంత్రాలు ఆ క్షణంలో కూడా మొదటిదాన్ని ఎంచకుండా పక్కన పెడుతూనే ఉండి ఉంటాయి. పక్కన పెడతాయి గానీ, వచ్చి తీసుకుపోయేవాళ్ళు ఎవరూ లేరు.